పద్నాలుగు గుంటలు

సిరొంచ తహసీలు ముంగట జిరాక్సు దుకాణంల
మా నాయిన ముగ్గురైండు.
బడి కాయితంల లస్మయ్య,
కులం దాఖలాల లక్ష్మణ్,
రేషన్ కార్డుల లచ్చన్న.
ముగ్గురూ ఒక్కడేనని
బాండు కాయితం మీద ప్రమాణం చేసిన.
నాయిన నవ్విండు:
"ముగ్గురం పనికి పోతే
కూలి మూడింతలు రావాలె గద బిడ్డా."

జాబితాల నా పేరొచ్చింది.
నలభై ఒకటో వరుసల, మరాఠీ అక్షరాల,
ముందుండే ఇంటిపేరు తోకకు పోయి:
సులోచన లక్ష్మణ్ దుర్గం.
సర్కారే పైసలు పెట్టి
సముద్రాల అవతల ఎమ్మెస్సీ చదివిస్తదట.
ఇద్దరు జామీను ఉండాలె అంతే.
నేను సగంల ఇడిసిపెడితే
తిరిగి కట్టేటోళ్లు.

ఒకరు నౌకరి ఉన్నోళ్లు.
మడావి సారు కాయితం చదవకుంటనే సంతకం పెట్టిండు,
పెన్ను మాత్రం యాదిమరువక అడిగి తీసుకున్నడు.
ఇంకొకరు భూమి ఉన్నోళ్లు.
సాత్‌బారా కావాలె.

మాకు భూమి లేదనలేను.
ప్రాణహిత సన్నబడ్డప్పుడు
ఇసుక నడుమ ఒండ్రు తేలుతది.
నాయిన తాడు పట్టి గీత గీస్తడు.
కర్బూజ, దోస, ఒక మూలకు బీర.
మిరుగం దాకా మాది,
మిరుగం దాటితే ఏటిది.
తలాఠీ నక్ష పరిచి చూసిండు,
మా చేనున్న కాడ నీలిరంగు.
"ఇది నీళ్లు" అన్నడు మరాఠీల.
"ఇప్పుడు కాదు" అన్న నేను తెలుగుల.
రెండూ నిజమే గని
ముద్ర ఆయన దగ్గరుంది.

నేను చదవబొయ్యేదీ గదే, ఆ బురదే.
ఏడికెల్లి లేస్తది, ఏడ అలిసి కూసుంటది,
అడ్డంగ గోడ కడితే ఎవరి చేన్ల పడుతది.
సముద్రం కన్న పల్లంల ఉన్న ఆ దేశంల
గాజు గొట్టాలల్ల పోసి కొలుస్తరట.
మా అమ్మమ్మ కాలి బొటనవేలుతోని కొలిచేది.
ఆమె లెక్క తప్పిన ఏడు
నాకు యాదికి లేదు.

నాలుగు రోజులే మిగిలినయ్.
ఐదిండ్లు తిరిగిన.
చాయ పోసిండ్రు అందరు.

కొండగొర్ల పోచుబాయిని నేను అడగలేదు.
అంకీస సంతల ఎండుచాపలమ్ముతది.
తెప్ప కాడ కొట్లాట అయినకాడి నుంచి
నాయినకు ఆమెకు మాటల్లేవు.
తానే వచ్చింది, గంప దించకుంటనే అడిగింది.
"నువ్వు తిరిగి రాకుంటే గుంజుకుంటరా?"
"గుంజుకుంటరు."
"పాసు కాకుంటే?"
"అప్పుడు సుత."
చాపలు లెక్కపెట్టినట్టు
పెదవులు కదిలించుకుంట నిలవడ్డది.
"కాయితంల పద్నాలుగు గుంటలున్నది.
రెండు గుంటలు పోయినేడు ఏరు తిన్నది.
సర్కారుకు ఇంక తెల్వది.
ఆ రెండు గుంటలు సుత రాసిపారెయ్."

బొటనవేలు నీలిసిరాల అద్ది
మూడు తావుల వేసింది.
నాలుగోసారి తలాఠీ చూపిస్తే వేసింది.
వేలు కొంగుకు తుడుచుకుంట అన్నది:
"వచ్చినంక మా ఒడ్డెందుకు తెగుతున్నదో చెప్పాలె.
పెద్ద సాబులకు కాదు, నాకు.
నాకు సమజయ్యేటట్టు."

తెల్లారక ముందు గడ్చిరోలి బస్సు.
అహేరి దాకా రోడ్డు లేదు, గుంతలే ఉన్నయ్,
ఫైలు మొత్తం ఎండుచాప వాసన.
ఆ పొద్దు అడ్డాకాడికి ఇద్దరూ వచ్చిండ్రు.
నాయిన డ్రైవరు దిక్కు, ఆమె వెనుక మెట్టు దిక్కు.
ఒకరి మొకం ఒకరు చూసుకోలేదు.
నా సంచి మాత్రం
ఆయన చేతికెల్లి ఆమె చేతికి పోయి
బస్సెక్కింది.